స్పైవేర్‌ని వెతకాల్సిన చోటు వేరు

సంపాదకుల వారికి నమస్కారం.

సైబర్ మోసాల మీద వార్త వచ్చిన ప్రతిసారీ దాని పక్కన చిన్న పెట్టె కట్టి నాలుగు జాగ్రత్తలు వేస్తున్నారు. కంప్యూటర్ నెమ్మదిస్తే అనుమానించండి, యాంటీవైరస్ వేసుకోండి, ఓటీపీ ఎవరికీ చెప్పకండి, అవసరమైతే ఫార్మాట్ చేయించండి అని. ఉద్దేశం మంచిదే. కానీ ఆ సలహా పాతకాలపు స్పైవేర్‌కి, అంటే మనకి తెలియకుండా కంప్యూటర్‌లో చేరి సమాచారం లాక్కునే ప్రోగ్రాములకి సరిపోయేది. ఇప్పుడు ఇళ్లలో, డీటీపీ సెంటర్లలో, అకౌంటెంట్ల ఆఫీసుల్లో దొరుకుతున్న రకం కంప్యూటర్‌ని నెమ్మదింపజేయదు, ఓటీపీ అడగదు. చాలాసార్లు మనం వెతికేనాటికి అసలు మెషీన్‌లోనే ఉండదు. ‘మా సిస్టమ్ బ్రహ్మాండంగా నడుస్తోంది’ అనే ధీమాతో ఉన్నవాళ్ల ఖాతాలే ఖాళీ అవుతున్నాయి. కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం. చోటు సరిపోకపోతే రెండు భాగాలుగానైనా వేయండి.

నెమ్మదించడం గుర్తు అనే మాట ఎక్కడినుంచి వచ్చిందంటే, 2003 ప్రాంతంలో కూల్‌వెబ్‌సెర్చ్ లాంటివి రాజ్యమేలిన రోజుల నుంచి. బ్రౌజర్ తెరవగానే మనం పెట్టుకోని హోమ్‌పేజీ వచ్చేది, ప్రకటనల కిటికీలు ఒకదాని మీద ఒకటి పడేవి. ప్రకటన చూపిస్తేనే దానికి డబ్బు, అందుకని అది కంటికి కనబడక తప్పేది కాదు. ఇప్పటివాటికి మన పాస్‌వర్డ్‌లే డబ్బు. కనబడకుండా ఉండటంలోనే వాటి లాభం ఉంది.

ఈ కొత్త రకాన్ని ఇన్ఫోస్టీలర్ అంటారు. రెడ్‌లైన్, రకూన్, విడార్, లుమ్మా అన్నీ ఈ కోవలోవే. పనితీరు తెలిస్తే సగం జాగ్రత్త దానంతటదే వస్తుంది. బ్రౌజర్ ‘పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా’ అని అడిగినప్పుడు సరేనంటే, ఆ పాస్‌వర్డ్ మన యూజర్ ఫోల్డర్‌లోని యాప్‌డేటా కింద ఒక చిన్న డేటాబేస్ ఫైల్లో చేరుతుంది. తాళం వేసే ఉంటుంది. కానీ ఆ తాళంచెవి మన విండోస్ లాగిన్‌తో ముడిపడి ఉంటుంది. మనం లాగిన్ అయ్యి ఉన్నప్పుడు మన పేరుమీద నడిచే ఏ ప్రోగ్రామైనా విండోస్‌ని అడిగి దాన్ని తెరిపించుకోగలదు. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అక్కర్లేదు, ‘ఈ ప్రోగ్రామ్‌ని అనుమతిస్తారా’ అనే ప్రశ్నా రాదు. అందుకే పిల్లలకి అడ్మిన్ హక్కులు లేని ఖాతా ఇచ్చాం కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఆ ఖాతాలో ఉన్నవన్నీ స్టీలర్ దోచుకుపోగలదు. 2024 జూలైలో వచ్చిన క్రోమ్ 127 నుంచి విండోస్‌లో కుకీలకి, అంటే మనం లాగిన్ అయ్యామని సైటు గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న చీటీలకి, ఇంకో తాళం అదనంగా వేశారు. కొద్ది నెలల్లోనే దానికీ దొంగలు దారి కనిపెట్టారు.

పాస్‌వర్డ్‌ల కంటే ప్రమాదమైనవి కుకీలు. ఒకసారి పాస్‌వర్డ్, ఓటీపీ కొట్టి జీమెయిల్‌లోకి వెళ్తే మర్నాడు మళ్లీ అడగదు. సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి బయటికొచ్చినవాళ్లు సగం చింపిన టికెట్ చూపించి లోపలికి వెళ్లినట్టు, మన బ్రౌజర్ ఆ కుకీ చూపించి లోపలికి వెళ్తుంది. ఆ కుకీ నకలు దొంగ చేతికి చిక్కితే అతనూ అలాగే నేరుగా లోపలికి వెళ్తాడు. పాస్‌వర్డ్ కొట్టడు, కాబట్టి ఓటీపీ రాదు, మన ఫోన్ మోగదు. ‘ఓటీపీ ఎవరికీ చెప్పలేదే, ఎలా పోయింది’ అని అడిగేవాళ్లలో చాలామందికి జవాబు ఇదే. మెయిల్ చేతికి వచ్చాక మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లు ‘ఫర్‌గాట్ పాస్‌వర్డ్’ నొక్కి మార్చుకోవడం ఎంతసేపు.

సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, కుకీలు, ఆటోఫిల్‌లోని కార్డు వివరాలు, డెస్క్‌టాప్ మీది ఫైళ్లు, ఒక స్క్రీన్‌షాట్ అన్నీ మూటగట్టి పంపడానికి దీనికి నిమిషం పట్టడం కూడా ఎక్కువే. పంపాక చాలా రకాలు తమని తామే చెరిపేసుకుంటాయి. మర్నాడు యాంటీవైరస్‌తో స్కాన్ చేస్తే ఏమీ దొరకదు. ‘నో థ్రెట్స్ ఫౌండ్’ అంటే ఇప్పుడు లేదని మాత్రమే అర్థం, నిన్న రాలేదని కాదు. దీని విస్తృతి ఎంతంటే, 2025 మార్చి 16 నుంచి మే 16 వరకు రెండు నెలల్లో ఒక్క లుమ్మా బారిన పడిన విండోస్ కంప్యూటర్లు 3,94,000కు పైగా ఉన్నట్టు మైక్రోసాఫ్ట్ గుర్తించింది. అమెరికా కోర్టు ఉత్తర్వు తెచ్చుకుని దానికి చెందిన సుమారు 2,300 వెబ్ చిరునామాలను మూయించింది.

ఎలా వస్తుందన్నది ఇంకా ముఖ్యం. ఏడాది రెండేళ్లుగా బాగా పెరిగిన పద్ధతి ఒకటుంది. ఏదో సైటు తెరుస్తారు. ‘మీరు రోబో కాదని నిరూపించుకోండి’ అని పెట్టె వస్తుంది, టిక్కు పెడతారు. అప్పుడు మూడు మెట్లు చూపిస్తుంది: విండోస్ మీట పట్టుకుని ఆర్ నొక్కండి, కంట్రోల్ పట్టుకుని వీ నొక్కండి, ఎంటర్ కొట్టండి. అంతే. నిజానికి టిక్కు పెట్టినప్పుడే ఆ సైటు మన క్లిప్‌బోర్డులోకి ఒక పవర్‌షెల్ ఆదేశాన్ని (టైపు చేసిన మాటలతో విండోస్ చేత పనులు చేయించే సాధనం పవర్‌షెల్) ఎక్కించేసింది. విండోస్, ఆర్ నొక్కితే రన్ పెట్టె తెరుచుకుంటుంది, వీ నొక్కితే ఆ ఆదేశం అందులో అతుక్కుంటుంది. పెట్టె చిన్నది కనుక ఆదేశం చివర మాత్రమే కనిపిస్తుంది, అక్కడ ‘నేను రోబోను కాను’ అనే అర్థం వచ్చే మాటలు పెట్టి ఉంచుతారు. ఎంటర్ కొట్టింది మనమే కాబట్టి విండోస్ అడ్డు చెప్పదు. ఏ నిజమైన సైటూ మనిషినని నిరూపించుకోవడానికి విండోస్, ఆర్ నొక్కమనదు. మీ పెట్టెలో ఈ ఒక్క వాక్యం వేసినా ఎన్నో ఇళ్లు గట్టెక్కుతాయి.

రెండోది క్రాక్, అంటే డబ్బు కట్టకుండా నడిచేలా తాళం విరిచిన దొంగ కాపీ. ఇక్కడ మన ఊళ్ల సంగతి దాచుకోకుండా చెప్పుకోవాలి. డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, ఫొటోషాప్ ఎక్కువగా క్రాక్ కాపీలే. దుకాణంలో ఫార్మాట్ చేయిస్తే విండోస్ కూడా యాక్టివేటర్‌తోనే, అంటే లైసెన్సు కొన్నట్టు నమ్మించే ప్రోగ్రామ్‌తోనే వేసి ఇస్తారు. కేఎంఎస్‌పికో పేరుతో తిరిగే నకిలీ యాక్టివేటర్లలో క్రిప్ట్‌బాట్ అనే స్టీలర్ ఉన్నట్టు 2021లోనే బయటపడింది. క్రాక్‌తో వచ్చే సూచనల ఫైల్లో మొదటి వాక్యం ఏమిటో గమనించండి: ‘ముందు యాంటీవైరస్ ఆపేయండి’. ఫైలుకి పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ని పక్కనే రాసి ఇస్తే అది కూడా అనుమానించాల్సిందే. తెరవకముందు యాంటీవైరస్ లోపలికి చూడకూడదనే ఆ ఏర్పాటు.

మూడోది వ్యాపారులకి వచ్చే మెయిళ్లు. కొటేషన్, పేమెంట్ స్లిప్, కొరియర్ రసీదు పేరుతో జతచేసిన ఫైలు వస్తుంది. 2014 నుంచి తిరుగుతున్న ఏజెంట్ టెస్లా ఇలా వచ్చేదే. ఇది స్టీలర్‌లా వచ్చి పోయేది కాదు, మకాం వేసి మీటల నొక్కుళ్లు, స్క్రీన్‌షాట్‌లు పంపుతూ ఉంటుంది. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివర తోకను దాచిపెడుతుంది. అందువల్ల ‘ఇన్వాయిస్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ’ అనేది ‘ఇన్వాయిస్ డాట్ పీడీఎఫ్’ లాగే కనిపిస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అనే దగ్గర టిక్కు పెట్టుకుంటే ఈ కనికట్టు పనిచేయదు. ఈ పని ఈరోజే చేసుకోవచ్చు.

ఇక గుర్తించడం. మేమైతే మొట్టమొదట చూసేది స్కాన్ కాదు, ఎక్స్‌క్లూజన్స్. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్ నొక్కి, అట్టడుగున ఎక్స్‌క్లూజన్స్ దగ్గరికి వెళ్లాలి. విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఏ ఫోల్డర్లు చూడకుండా వదిలేయాలో ఆ జాబితాలో ఉంటుంది. ఇళ్లలోని కంప్యూటర్లలో ఇది ఖాళీగా ఉండాలి. అందులో సీ డ్రైవ్ మొత్తమో, యాప్‌డేటా ఫోల్డరో, పవర్‌షెల్ పేరో, డాట్ ఈఎక్స్ఈ అనే తోకో కనిపిస్తే ఎవరో కావాలని డిఫెండర్ కళ్లకు గంతలు కట్టారన్నమాట. అలాంటి మెషీన్‌లో ఎన్నిసార్లు స్కాన్ చేసినా పచ్చ టిక్కే వస్తుంది. జాబితాని ఫోటో తీసి, ఉన్నవన్నీ తీసేసి, ఆ తర్వాత స్కాన్ మొదలుపెట్టండి. అదే పేజీలో, వేరే ప్రోగ్రాములు డిఫెండర్‌ని ఆపేయకుండా కాపాడే టాంపర్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. ప్రొటెక్షన్ హిస్టరీలో పాత హెచ్చరికలుంటాయి. ‘అలవ్డ్’ అని ఉన్నది మీరు ఒప్పుకున్నదేనా అని సరిచూసుకోండి.

మకాం వేసిన స్పైవేర్‌కి ఒక అవసరం తప్పదు. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడు అది కూడా లేవాలి. లేవడానికి ఎక్కడో ఒకచోట పేరు నమోదు చేసుకోవాలి. ఆ చోట్లు లెక్కపెట్టదగినన్నే. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ మొదటిది. అక్కడ తెలియని పేరు మీద కుడి బటన్ నొక్కి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ అనండి. రన్ పెట్టెలో షెల్, కోలన్, స్టార్టప్ అని కొడితే తెరుచుకునే ఫోల్డర్ రెండోది. మూడోది టాస్క్ షెడ్యూలర్, ఇప్పటివాటికి ఇష్టమైన చోటు ఇదే, ఎందుకంటే మామూలు జనం ఇక్కడికి వచ్చి చూడరు. పది నిమిషాలకోసారి, లేదా లాగిన్ అయిన ప్రతిసారీ నడిచే టాస్క్ ఉండి, దాని యాక్షన్స్‌లో పవర్‌షెల్ పక్కన అర్థంపర్థం లేని అక్షరాల బారు కనిపిస్తే అది మంచిది కాదు.

ఇవన్నీ ఒక్క కిటికీలో చూపించేది ఆటోరన్స్. మార్క్ రుసినోవిచ్ బృందం చేసిన సిస్‌ఇంటర్నల్స్ పనిముట్లలో ఇదొకటి. మైక్రోసాఫ్ట్ సైటులోనే ఉచితంగా దొరుకుతుంది, ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. ఈయనే 2005లో సోనీ బీఎంజీ పాటల సీడీలు కొన్నవాళ్ల కంప్యూటర్‌లో దాక్కునే ప్రోగ్రామ్ పెడుతున్నాయని బయటపెట్టారు. ఆటోరన్స్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి, ఆప్షన్స్‌లో ‘హైడ్ మైక్రోసాఫ్ట్ ఎంట్రీస్’ పెట్టండి, స్కాన్ ఆప్షన్స్‌లో ‘వెరిఫై కోడ్ సిగ్నేచర్స్’ పెట్టండి. వందల వరసలు పాతిక ముప్పైకి దిగుతాయి. గులాబీ రంగు వరస అంటే తయారీదారు డిజిటల్ సంతకం లేదని, పసుపు అంటే పేరు మిగిలింది కానీ ఫైలు లేదని. గులాబీ కనబడగానే కంగారు పడొద్దు, ప్రింటర్ల పాత డ్రైవర్లు కూడా అలాగే వస్తాయి. సంతకం లేకపోవడం, ఫైలు యాప్‌డేటాలోనో టెంప్‌లోనో ప్రోగ్రామ్‌డేటాలోనో ఉండటం, పేరు అర్థం లేకుండా ఉండటం, ఈ మూడూ కలిస్తే అనుమానం గట్టిది. అలాంటిదాన్ని డిలీట్ చేయకండి, టిక్కు తీసేయండి చాలు. పొరపాటైతే మళ్లీ పెట్టుకోవచ్చు. కుడి బటన్‌తో వైరస్‌టోటల్‌కి (ఒకే ఫైలుని చాలా యాంటీవైరస్‌లతో పరీక్షించే సైటు) పంపి చూడొచ్చు. అయితే మీ సొంత డాక్యుమెంట్లు మాత్రం అక్కడ ఎక్కించకండి, అక్కడ చేరినవి ఇతరుల కంటా పడతాయి.

టాస్క్ మేనేజర్‌లో ఎస్‌వీసీహోస్ట్ అనే విండోస్ సొంత ప్రోగ్రామ్ డజన్లకొద్దీ కనిపిస్తుంది. దాన్ని చూసి భయపడి ఆపేసేవాళ్లున్నారు. అన్ని ఉండటం మామూలే. అసలుది సిస్టమ్32 ఫోల్డర్‌లోనో, దాని 32 బిట్ జంట సిస్‌వావ్64 లోనో ఉంటుంది. అదే పేరుతో, లేదా ఒక అక్షరం అటూ ఇటూ అయిన పేరుతో, మీ యూజర్ ఫోల్డర్ నుంచి నడిచేది దొంగది.

బయటికి ఎవరితో మాట్లాడుతోందో చూడటానికి రిసోర్స్ మానిటర్ ఉంది. రన్‌లో రెస్‌మాన్ అని కొట్టి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో టీసీపీ కనెక్షన్స్ తెరిచి పావుగంటయినా ఉంచండి, ఎందుకంటే కీలాగర్ (మీటల నొక్కుళ్లు రాసుకునే స్పైవేర్) ఎడతెగకుండా పంపదు, కొన్ని నిమిషాలకోసారి పంపుతుంది. ఏజెంట్ టెస్లా లాంటివి దోచింది మామూలు ఈమెయిల్‌గానే పంపుతుంటాయి. ఔట్‌లుక్ లాంటి మెయిల్ ప్రోగ్రామ్ కానిది ఏదైనా మెయిల్ పంపడానికి వాడే 587 పోర్టుకి వెళ్తూ కనిపిస్తే నెట్ వైరు పీకేయండి.

బ్రౌజర్‌కి అదనంగా తగిలించిన ఎక్స్‌టెన్షన్లు చూసుకోండి. ఇంట్లో వాడే క్రోమ్ మెనూ అడుగున ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అని ఉంటే, ఏదో ప్రోగ్రామ్ పాలసీ పెట్టి ఎక్స్‌టెన్షన్‌ని తీయనివ్వకుండా బిగించి ఉండొచ్చు. కొన్ని యాంటీవైరస్‌ల వల్లా ఈ మాట వస్తుంది, కాబట్టి క్రోమ్ పాలసీ పేజీ తెరిచి ఏముందో చదవాలి. సెట్టింగ్స్‌లో ప్రాక్సీ మీరు పెట్టకుండానే ఆన్‌లో ఉంటే మీ సైట్లన్నీ మధ్యలో ఎవరి చేతి మీదుగానో వెళ్తున్నాయేమో చూడాలి. మూల నుంచి పదే పదే ‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది’ అని వచ్చే చీటీలు మాత్రం చాలావరకు స్పైవేర్ కాదు, ఎప్పుడో ఏదో సైటుకి నోటిఫికేషన్ అనుమతి ఇచ్చిన ఫలితం. అది తీసేస్తే ఆగిపోతాయి. వాటిలోని నంబరుకి ఫోన్ చేస్తేనే అసలు ప్రమాదం, దూరం నుంచి కంప్యూటర్ నడిపించే ఎనీడెస్క్ వేయించి మెషీన్ మొత్తం వాళ్లే పట్టుకుంటారు.

తెలుగు టైపింగ్ వాడేవాళ్లకి ఒక మాట. ఇంగ్లిష్ మీట నొక్కితే తెలుగు అక్షరం వేసే ప్రోగ్రాములు కూడా మీటల నొక్కుడుని మధ్యలో పట్టుకునే పనిచేస్తాయి, కొన్ని కీలాగర్ వాడే విండోస్ సదుపాయాన్నే వాడతాయి. అందువల్ల వాటిని యాంటీవైరస్ అనుమానించడం విడ్డూరం కాదు. తయారీదారు దగ్గర కొన్నదైతే అనుమతించండి. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారి వచ్చిన కాపీ అయితే, అది అసలుదో లోపల ఇంకేమైనా కలిసిందో తెలుసుకునే దారి మామూలు వాడకందారుకి లేదు.

కొన్ని కీలాగర్లు ప్రోగ్రాములే కావు. కీబోర్డు వైరుకి, సీపీయూ వెనక యూఎస్‌బీ రంధ్రానికి మధ్య వేలికొస అంత ముక్క గుచ్చితే చాలు, నొక్కిన ప్రతి మీటా అందులో చేరుతుంది. ఏ స్కాన్‌కీ దొరకదు. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టడానికి నెట్ సెంటర్‌కి వెళ్లే పిల్లలు కూర్చునేముందు సీపీయూ వెనక ఒకసారి చూడాలి, ఇంటికొచ్చాక సొంత ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మార్చుకోవాలి, గడువు ముగిసేలోపు ఆప్షన్లు మళ్లీ తెరిచి సరిచూసుకోవాలి. బ్యాంకు సైట్లలో తెర మీద ఇచ్చే కీబోర్డు ఈ ముక్క నుంచి కాపాడుతుంది. స్క్రీన్‌షాట్ తీసే స్పైవేర్ నుంచి, బ్రౌజర్ లోపలే కూర్చుని ఫారంలో నింపింది లాక్కునేదాని నుంచి కాపాడదు. చిరునామా పక్కన తాళం గుర్తు కూడా అంతే. అది దారిలో దొంగల నుంచి రక్షణ, మన మెషీన్‌లోనే ఉన్నవాడికి అది అడ్డు కాదు.

వచ్చి వెళ్లిపోయిన స్టీలర్ జాడ కంప్యూటర్‌లో కాదు, ఖాతాల్లో దొరుకుతుంది. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ కింద ‘యువర్ డివైసెస్’ చూడండి, మీది కాని మెషీన్ గానీ ఊరు గానీ ఉందేమో. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్స్ రెండూ తెరవండి. బ్యాంకు నుంచి వచ్చే మెయిళ్లని నేరుగా చెత్తబుట్టలోకి పంపే ఫిల్టర్ పెట్టి ఉంచడం దొంగల అలవాటు, మనకి హెచ్చరిక కనబడకూడదని. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్, టెలిగ్రామ్‌లో డివైసెస్ కూడా చూడాలి.

అనుమానం గట్టిపడితే పనులు ఈ వరసలోనే జరగాలి. ముందు నెట్ తీసేయండి. పాస్‌వర్డ్‌లు ఆ కంప్యూటర్ నుంచి మార్చవద్దు, కొత్తవీ వాళ్లకే చేరతాయి. వేరే శుభ్రమైన మెషీన్ నుంచో ఫోన్ నుంచో మొదట మెయిల్, తర్వాత బ్యాంకు, తర్వాత మిగతావి మార్చండి. మార్చి ఊరుకుంటే చాలదు, ‘అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్’ కూడా నొక్కాలి. చాలా సైట్లలో అది నొక్కేదాకా దొంగిలించిన కుకీ చెల్లుతూనే ఉంటుంది. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యి, విండోస్ లేవకముందే సుమారు పావుగంట వెతుకుతుంది, అందుకే దాక్కున్నవి కూడా దొరుకుతాయి. మకాం వేసిన కీలాగరో, దూరం నుంచి నడిపే రకమో దొరికితే మాత్రం శుభ్రం చేసి వాడుకోవచ్చనే మాట మేం చెప్పలేం. ఫోటోలు, డాక్యుమెంట్లు మాత్రం కాపీ చేసుకుని, ప్రోగ్రాములు ఏవీ తీసుకోకుండా, వేరే కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో తయారుచేసిన విండోస్‌ని కొత్తగా వేసుకోవాలి. ఫార్మాట్ చేసి, మళ్లీ అదే పాత పెన్‌డ్రైవ్‌లోని క్రాక్‌లు ఎక్కిస్తే వారం తిరక్కుండా కథ మొదటికొస్తుంది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందన్న సంగతి కూడా కొత్తగా వేసుకునేటప్పుడే ఆలోచించుకోవాలి.

డబ్బు పోయినవాళ్లు మాత్రం ఫార్మాట్‌కి తొందరపడకూడదు. దుకాణంలో పావుగంటలో చెరిపేసేది పోలీసులకి కావాల్సిన ఆధారం. కంప్యూటర్ అలాగే పక్కన పెట్టి వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు చేయండి. బ్యాంకుకి చెప్పి ఫిర్యాదు నంబరు, వేళ రాసి పెట్టుకోండి. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక మూడోవాళ్ల వల్ల జరిగిన చోరీని మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే ఖాతాదారు నష్టం భరించనక్కర్లేదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఆదేశాలిచ్చింది. స్పైవేర్ పెట్టడం ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద నేరం, మూడేళ్ల వరకు జైలు గానీ, 5 లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇంట్లోవాళ్లో, తెలిసినవాళ్లో మీ కంప్యూటర్‌లో పెట్టినా ఈ సెక్షన్లే వర్తిస్తాయి.

ఇట్లు,
కంప్యూటర్ సర్వీసింగ్, నెట్‌వర్క్ పనుల్లో ఉన్న మిత్రబృందం,
హనుమకొండ